కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌ని డ్రాఫ్ట్‌కి ముందే అంచనా వేయడం ఎలా

2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్, అంటే టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం, మా ఇంటికి అరగంట దూరంలో జరిగింది, డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో, కౌబాయ్స్ స్టేడియంలో. ఆ రాత్రి మొదటి రౌండ్‌లోనే ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లను (పొట్టిగా క్యూబీ, బంతి అందుకుని పాస్ విసిరి ఆట నడిపేవాడు) టీమ్‌లు తీసుకున్నాయి. ఎవరు ఎన్నో పిక్ (ఎంపిక) అంటే, బేకర్ మేఫీల్డ్ 1, సామ్ డార్నాల్డ్ 3, జాష్ అలెన్ 7, జాష్ రోజెన్ 10, లామార్ జాక్సన్ 32. ఆఫీసులో మేం నలుగురు తెలుగువాళ్లం పందెం వేసుకున్నాం. ఎవరు ఎంచుకున్న క్యూబీ ముందు మునిగితే వాళ్లు మిగతా ముగ్గురికీ బిర్యానీ పెట్టించాలి. నేను రోజెన్‌ని పట్టుకున్నాను. బంతి విసిరే తీరు చూస్తే పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉండేది మరి. సరిగ్గా ఏడాదికి, అతన్ని తీసుకున్న అరిజోనా టీమ్ అతన్ని మయామీకి ఇచ్చేసింది. బంతి ఎటు పోతుందో విసిరేవాడికే తెలియదని నేను వెక్కిరించిన అలెన్ 2024 సీజన్‌కి ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు). మొదటి రౌండ్ చిట్టచివర దాకా మిగిలిపోయిన లామార్‌కి 2019లో ఒకటి, 2023లో ఒకటి, మొత్తం రెండు ఎంవీపీలు.

బిర్యానీ బిల్లు కట్టాక ఒక పద్ధతి తయారు చేసుకున్నాను. ఇప్పటికీ తప్పులు పోతూనే ఉంటాను. టీమ్‌లు కోట్ల డాలర్లు పెట్టి స్కౌట్‌లను తిప్పినా తప్పులు పోతున్నాయి కాబట్టి మనకి సిగ్గేం లేదు. కాకపోతే ఎందుకు తప్పానో ఇప్పుడు తెలుస్తోంది. మీరూ ఈ ఏప్రిల్‌కి సొంతంగా ఒక లెక్క వేసుకోవాలంటే నేను చేసేది వరసగా చెప్తాను. దీనంతటికీ వెనక ఒకటే ప్రశ్న ఉంటుంది: కాలేజీ వదిలి వచ్చేటప్పుడు ఈ కుర్రాడి వెంట ఏం వస్తుంది, ఏం అక్కడే ఉండిపోతుంది?

కొత్తవాళ్లకి రెండు ముక్కలు. హైస్కూల్ అయి మూడేళ్లు నిండిన ఆటగాడు డ్రాఫ్ట్‌కి రావచ్చు. 32 టీమ్‌లు, ఏడు రౌండ్లు. జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో అలబామాలోని మొబీల్‌లో సీనియర్ బౌల్ (ఆఖరి ఏడాది ఆటగాళ్ల ప్రదర్శన మ్యాచ్), ఫిబ్రవరి చివర్లో ఇండియానాపొలిస్‌లో కంబైన్ (కొలతలు, పరీక్షలు), మార్చిలో కాలేజీల్లో ప్రో డేలు (టీమ్‌ల ముందు సొంత ప్రదర్శన), ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్. మీ పని మాత్రం వీటన్నిటికంటే ముందే, డిసెంబర్లో, సోఫాలో మొదలవ్వాలి.

మొదటి పని: మ్యాచ్‌లు ఎంచుకోండి

యూట్యూబ్‌లో ఆటగాడి పేరు కొడితే మొదట వచ్చేది హైలైట్స్. వాటిని తాకకండి. హైలైట్స్‌లో ప్రతి కుర్రాడూ మహోమ్సే (ఈ తరం స్టార్ క్యూబీ). అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు, క్యూబీ దగ్గర ఆ సామెత పనిచేయదు. కనీసం నాలుగు పూర్తి మ్యాచ్‌లు కావాలి.

నేను ఎంచుకునేవి ఇవి: ఆ సీజన్‌లో అతను ఎదుర్కొన్న అతి గట్టి డిఫెన్స్‌తో ఆడింది, ఓడిపోయింది, అంతకుముందు ఏడాదిది ఒకటి, ఇంకా వానలోనో ఈదురుగాలిలోనో ఆడింది దొరికితే అది. చిన్న కాలేజీని 56–3తో ఉతికిన మ్యాచ్ చూసి ఉపయోగం లేదు. ఫ్లాట్ పిచ్ మీద కొట్టిన ట్రిపుల్ సెంచరీ చూసి ఇంగ్లండ్ టూర్‌కి పంపినట్టుంటుంది.

ఓడిన మ్యాచ్ ఎందుకంటే, 2016 అక్టోబర్లో టెక్సస్ టెక్ 66–59తో ఓక్లహోమా చేతిలో ఓడింది. ఆ రోజు ఓడిన క్యూబీ 734 గజాలు విసిరాడు. అతనే పాట్రిక్ మహోమ్స్. ఆ సీజన్‌లో అతని టీమ్ గెలిచింది 5, ఓడింది 7. గెలుపోటముల పట్టిక మాత్రమే చూసినవాళ్లకి అతను కనిపించలేదు. 59 పాయింట్లు కొట్టినా ఓటమి తెచ్చిన సొంత టీమ్ డిఫెన్స్ లబక్‌లోనే (టెక్సస్ టెక్ ఉండే ఊరు) ఉండిపోయింది, ఆ చెయ్యి మాత్రం కాన్సస్ సిటీకి వచ్చింది. 2017లో చికాగో 2వ పిక్ కోసం ఒక మెట్టు ఎక్కి మరీ మిచెల్ ట్రబిస్కీని తీసుకుంటే, మహోమ్స్ 10 దాకా ఉన్నాడు.

ఒక ఇబ్బంది ఉంది. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి దూరంగా పరిగెత్తే రిసీవర్లు (పాస్ పట్టుకునేవాళ్లు), సేఫ్టీలు (డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపు కాసేవాళ్లు) ఫ్రేమ్‌లో ఉండరు. మైదానంలోని 22 మందీ కనిపించే కోచింగ్ వీడియో కాలేజీ మ్యాచ్‌లకి మనలాంటివాళ్లకి సులువుగా దొరకదు. అందుకని రీప్లేలు వచ్చినప్పుడు లేచి మంచినీళ్లకి వెళ్లకండి. వెనక కోణం నుంచి చూపించే ఆ పది సెకన్లలోనే అసలు సంగతి ఉంటుంది.

రెండో పని: థర్డ్ డౌన్‌లు మాత్రమే విడదీసి చూడండి

సమయం తక్కువుంటే మిగతావన్నీ వదిలేసి ఇదొక్కటే చేయండి. 10 గజాలు ముందుకెళ్లడానికి టీమ్‌కి నాలుగు ప్రయత్నాలు, ఒక్కోటీ ఒక డౌన్. ఫస్ట్ డౌన్‌లో కోచ్ గీసిచ్చిన బొమ్మ పనిచేస్తుంది. మూడో ప్రయత్నంలో ఇంకా 7 గజాల పైన మిగిలినప్పుడు అవతలివాళ్లకి కూడా పాస్ వస్తుందని తెలుసు. అప్పుడు దాక్కోవడానికి చోటుండదు.

ఒక ప్లే (ఒక ప్రయత్నం) నెమ్మదిగా చూద్దాం. థర్డ్ అండ్ 8 (మూడో ప్రయత్నం, ఇంకా 8 గజాలు కావాలి), సొంత 35 గజాల గీత దగ్గర. స్నాప్‌కి (బంతిని వెనక్కి క్యూబీకి అందించడం) ముందు వెనకాల ఇద్దరు సేఫ్టీలు, చెరో వైపు, 12 గజాల లోతులో నిలబడ్డారు. ఇద్దరి మధ్యలో ఖాళీ ఉంది. మన కుర్రాడి మనసులో కుడి స్లాట్ రిసీవర్ (అంచున కాకుండా లోపలగా నిలబడేవాడు) ఉన్నాడు, అతను ఆ ఖాళీలోకి నిలువుగా దూసుకెళ్తాడు. స్నాప్ పడింది. పడగానే ఎడమ సేఫ్టీ కిందికి ఉరికాడు, కుడి సేఫ్టీ మధ్యలోకి జరిగాడు. ఇందాకటి ఖాళీలో ఇప్పుడు మనిషి ఉన్నాడు. పెళ్లివారు వచ్చేసరికి పీటలు మారిపోయినట్టే.

ఇక్కడ వీడియో ఆపండి. క్యూబీ హెల్మెట్ ఎటు ఉంది? ముందు పాదం ఎటు ఉంది? మంచివాడైతే వెనక్కి వేసే ఆఖరి అడుగు నేలకి ఆనేలోపే తల ఎడమకి తిరుగుతుంది, తలతోపాటు పాదం తిరుగుతుంది, రెండున్నర సెకన్లకి ఎడమ నుంచి లోపలికి వచ్చే రిసీవర్‌కి బంతి పోతుంది. టీవీ కోణంలో రిసీవర్ కనబడకపోయినా ఆ పాదం కనిపిస్తుంది. కన్ను ఎటు పోయిందో పాదం చెప్పేస్తుంది. అంత మంచివాడు కానివాడి తల కుడివైపే బిగుసుకుపోతుంది. ఒక చిన్న గెంతు, ఇంకో గెంతు, బంతిని రెండు చేతుల్లోకి తీసుకుని కిందికి చూస్తాడు, తర్వాత పరుగు. కొందరు ఆ పరుగులోనే 15 గజాలు తెచ్చేస్తారు, స్టేడియం ఊగిపోతుంది, వ్యాఖ్యాత గొంతు చించుకుంటాడు. మీరు మాత్రం ఊగకండి.

నా నోట్‌బుక్‌లో దీనికి మూడు గడులు పెట్టుకున్నాను: చూశాడు, వెతికాడు, పారిపోయాడు. ప్లే ఫలితం ఏమైనా సరే వీటిలో ఒకదాంట్లో గీత పెడతాను. 'చూశాడు' గడిలోది రిసీవర్ జారవిడిచినా మంచి ప్లేనే. 'పారిపోయాడు' గడిలోది టచ్‌డౌన్ (బంతి అవతలి ఆఖరి గీత దాటడం) అయినా నాకు అనుమానమే. నాలుగు మ్యాచ్‌లకి యాభై దాకా గీతలు వస్తాయి. ఆ పేజీ చూస్తే మనిషి సగం అర్థమైపోతాడు.

ఇంకో చిన్న విషయం ఇక్కడే గమనించండి. లైన్‌లో నిలబడ్డాక ఆఫెన్స్ అంతా ఒక్కసారి తల తిప్పి సైడ్‌లైన్ వైపు చూస్తుందా? అయితే డిఫెన్స్‌ని చదువుతున్నది కోచ్. ప్లే మార్చేది కూడా ఆయనే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్యూబీ హెల్మెట్‌లో కోచ్ మాట వినిపిస్తుంది గానీ, ప్లే క్లాక్ (స్నాప్‌కి ఇచ్చే గడువు) మీద 15 సెకన్లు ఉండగా అది కట్ అయిపోతుంది. అక్కడి నుంచి కుర్రాడు ఒంటరి. పెద్ద కాలేజీల్లో 2024 నుంచి హెల్మెట్ రేడియో వచ్చింది, అంతకుముందంతా బోర్డులు, చేతి సైగలే. వేళ్లు చూపిస్తూ లైన్‌మెన్‌ని (క్యూబీ ముందు గోడలా నిలబడి కాపాడేవాళ్లు) సర్దుతున్న కుర్రాడు, కాలేజీలోనే ఆ పని చేస్తున్న కుర్రాడు కనిపిస్తే నేను పేజీ మూలన చుక్క పెడతాను.

మూడో పని: సాక్‌లు లెక్కపెట్టండి

సాక్ (బంతి విసరకముందే క్యూబీని పడగొట్టడం) పడితే మనం లైన్‌మెన్‌ని తిడతాం. చాలాకాలం నేనూ అంతే. కానీ క్యూబీ టీమ్ మారితే, లైన్ మొత్తం మారితే కూడా అతనికి పడే సాక్‌ల తీరు పెద్దగా మారకపోవడం చూశాక అభిప్రాయం మార్చుకున్నాను. ఒత్తిడి రావడం లైన్ తప్పు కావచ్చు. ఆ ఒత్తిడి సాక్‌గా మారడం చాలాసార్లు క్యూబీ అలవాటే. ఈ అలవాటు కాలేజీ నుంచి పెట్టెలో సర్దుకుని మరీ వస్తుంది.

చేయాల్సింది ఇంతే. అవతలివాడు దగ్గరికొచ్చి ఇబ్బంది పెట్టిన ప్రతిసారీ ఒక గీత. అందులో సాక్ అయినవాటికి చుట్టూ సున్నా. ఐదు గీతల్లో ఒకటి కంటే ఎక్కువ సున్నాలుంటే నేను జాగ్రత్త పడతాను. నాలుగింట ఒకటి దాటితే ఎర్ర పెన్ను తీస్తాను. ఇది నా కొలతే, శాసనం కాదు.

కేలబ్ విలియమ్స్ యూఎస్‌సీలో బంతి పట్టుకుని ఐదు సెకన్లు, ఆరు సెకన్లు తిరుగుతూ అద్భుతాలు చేసేవాడు. 2024లో మొదటి పిక్‌గా చికాగోకి వచ్చి తొలి సీజన్‌లోనే 68 సాక్‌లు తిన్నాడు. చికాగో లైన్ గొప్పగా లేదు, నిజమే. కానీ ఆ 68లో కొన్ని అతను వెంట తెచ్చుకున్నవే. అలాగని ఎర్ర పెన్ను పడ్డవాళ్లంతా పనికిరారని కాదు. బంతి ఎప్పుడు పారేయాలో నేర్పించవచ్చు, కష్టమే గానీ కుదురుతుంది. మీరు చూడాల్సింది మూడో ఏడాదిలోనైనా ఆ సున్నాలు తగ్గాయా లేదా అని.

నాలుగో పని: బంతి ఎక్కడ పడిందో చూడండి, పట్టుకున్నాడా లేదా అని కాదు

కంప్లీషన్ శాతం (వేసిన పాస్‌లలో రిసీవర్ పట్టుకున్నవి) అందరూ చెప్తారు. అందులో లైన్ వెనకాలే ఇచ్చే స్క్రీన్ పాస్‌లు, గజం దూరం నుంచి అందించినట్టు వేసేవి కూడా కలిసిపోతాయి. వాటిని తీసేసి, 10 గజాల పైన వేసినవి మాత్రం చూడండి. రిసీవర్ పరుగు తగ్గకుండా అందుకున్నాడా? లేక వెనక్కి తిరిగి, ఎగిరి, నడుం వంచి పట్టుకున్నాడా? కాలేజీలో రెండూ కంప్లీషన్లే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండోది ఇంటర్‌సెప్షన్, అంటే బంతి అవతలివాడి చేతిలో.

ఇంకో తేడా కొలతల్లో ఉంది, చాలామంది పట్టించుకోరు. మైదానం మధ్యలో రెండు వరసల చిన్న గీతలుంటాయి, హ్యాష్ మార్కులు. కాలేజీలో వాటి మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. మైదానం వెడల్పు రెండింటికీ 160 అడుగులే. అంటే కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఒకవైపు 60 అడుగులు, ఇంకోవైపు 100 అడుగులు ఖాళీ. ఆ వంద అడుగుల వైపు సులువైన పాస్‌లు బోలెడు, స్టాట్స్ ఉబ్బడానికి అదొక కారణం. కానీ అదే వంద అడుగుల వైపు అంచు దాకా, 12 గజాల లోతులో అవుట్ రూట్‌కి (రిసీవర్ అంచు వైపు తిరిగే పరుగు) బంతి వేయమంటే, పేరుకి 12 గజాల పాస్ గానీ గాల్లో 35 గజాల పైనే ప్రయాణిస్తుంది. చెయ్యి సత్తా చూడ్డానికి నాకు 60 గజాల బాంబులు అక్కర్లేదు. ఈ పాస్ నాలుగు మ్యాచ్‌ల్లో ఎన్నిసార్లు వేశాడు, డిఫెండర్ అందుకునేలోపు చేరిందా, ఇది చాలు. అసలు ఒక్కసారి కూడా వేయలేదంటే అదీ ఒక సమాధానమే.

ఆర్‌పీవోల (పరుగో పాసో స్నాప్ పడ్డాక క్యూబీ తేల్చుకునే ప్లేలు) విషయం కూడా అంతే. కాలేజీలో పాస్ వేసే లోపు లైన్‌మెన్ మూడు గజాలు ముందుకెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. పరుగా పాసా అని లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాడు) తికమక పెట్టే ఆ ట్రిక్ కాలేజీలో చాలా చౌక. ఆర్‌పీవో మీద బతికిన క్యూబీ లెక్కల్లోంచి అవి తీసేసి మళ్లీ చూడండి, మిగిలేది ఎంతో.

మరి అలెన్ సంగతేంటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. వయోమింగ్ కాలేజీలో అతని కంప్లీషన్ మొత్తం మీద 56.2 శాతం. ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ బఫలోలో మొదటి ఏడాది 52.8, రెండో ఏడాది 58.8, మూడో ఏడాది 69.2. కాళ్లు, నడుం, భుజం ఒక వరసలో కదిలేలా విసరడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. బ్రయన్ డేబాల్ లాంటి కోఆర్డినేటర్ (ఆఫెన్స్ నడిపే కోచ్) అతని చుట్టూ ఆట కట్టాడు, 2020లో స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్ వచ్చాడు. ఇన్ని కలిశాయి. ఒకడికి కుదిరింది కాబట్టి అందరికీ కుదురుతుందని ఆ తర్వాత లీగ్ అంతా ఇంకో అలెన్ కోసం వెతుకుతూనే ఉంది. 2023లో ఆంథొనీ రిచర్డ్‌సన్ కంబైన్‌లో 40 గజాలు 4.43 సెకన్లలో పరిగెత్తి, 40.5 అంగుళాలు ఎగిరాడు. ఫ్లోరిడాలో చివరి ఏడాది 53.8 శాతం అని అందరికీ తెలుసు. ఇండియానాపొలిస్ 4వ పిక్‌లో తీసుకుంది. 2024లో అతని శాతం 47.7. గురి నేర్పించొచ్చనే వాదన నేను కొట్టిపారేయను, కానీ దాని మీద బిర్యానీ పందెం మాత్రం ఇంకెప్పుడూ కాయను.

ఐదో పని: చుట్టూ ఎవరున్నారో చూడండి

2020లో అలబామా క్యూబీ మ్యాక్ జోన్స్ 77.4 శాతం పాస్‌లు పూర్తిచేశాడు. ఆ ఏడాది హైస్‌మన్ ట్రోఫీ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది) అతని రిసీవర్ డెవాంటా స్మిత్‌కి వచ్చింది. ముందు లైన్ గోడలా ఉండేది. న్యూ ఇంగ్లండ్ 15వ పిక్‌లో తీసుకుంది, మొదటి ఏడాది బాగానే ఆడాడు, తర్వాత చుట్టూ మనుషులు పలచబడేసరికి అతనూ పలచబడ్డాడు. 2024లో జాక్సన్‌విల్‌కి పంపేశారు.

అయితే దీన్ని సూత్రంలా వాడితే బోర్లా పడతారు. జో బరోకి 2019లో ఎల్‌ఎస్‌యూలో జమార్ ఛేజ్, జస్టిన్ జెఫర్సన్ ఇద్దరూ ఉన్నారు. 76.3 శాతం, 60 టచ్‌డౌన్ పాస్‌లు. అంతకుముందు ఏడాది అదే కాలేజీలో అతని శాతం 57.8. "ఇదంతా రిసీవర్ల పుణ్యం" అనడానికి అన్ని సాక్ష్యాలూ ఉన్నట్టే కనిపిస్తుంది. తేడా తెలియాలంటే ఒకటే దారి: రిసీవర్‌కి రెండు గజాల ఖాళీ ఉన్న పాస్‌లు పక్కన పెట్టి, డిఫెండర్ అతుక్కుని ఉన్నవి మాత్రం చూడాలి. బరో ఆ ఇరుకులో, డిఫెండర్ చెయ్యి అందని భుజం వైపు బంతి పెట్టేవాడు. జోన్స్‌కి అలాంటి పాస్‌లు వేయాల్సిన అవసరమే తక్కువగా వచ్చింది.

ఆరో పని: ఎన్ని మ్యాచ్‌లు, ఎంత వయసు

తక్కువ మ్యాచ్‌లు ఆడినవాడిని చూస్తే నాకు టెన్షన్. ట్రబిస్కీ కాలేజీలో స్టార్ట్ చేసింది (మొదటి నుంచీ క్యూబీగా దిగింది) 13 మ్యాచ్‌లు, రిచర్డ్‌సన్ 13, ట్రే లాన్స్ 17. లాన్స్ కోసం శాన్ ఫ్రాన్సిస్కో మూడు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చింది. ఏడాది తర్వాత అదే టీమ్ 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరున, 262వ పిక్‌లో తీసుకున్న బ్రాక్ పర్డీ అతని చోటు లాగేసుకున్నాడు. పర్డీ అయోవా స్టేట్‌లో నాలుగేళ్లు స్టార్టర్. దెబ్బలు తిని, ఇంటర్‌సెప్షన్లు ఇచ్చి, మళ్లీ లేచి ఆడినవాడు. 2024 బ్యాచ్‌లో జేడన్ డానియెల్స్ 55 మ్యాచ్‌లు, బో నిక్స్ 61 మ్యాచ్‌లు స్టార్ట్ చేసి వచ్చారు. డానియెల్స్ ఆ సీజన్‌లోనే ఆఫెన్స్‌లో ఉత్తమ రూకీ (తొలి ఏడాది ఆటగాడు). మినహాయింపు కావాలా, క్యామ్ న్యూటన్ ఉన్నాడు: ఆబర్న్‌లో ఒకే ఒక్క సీజన్, 2011లో మొదటి పిక్, 2015లో ఎంవీపీ.

వయసు దీనికి రెండో పక్క. 24 ఏళ్లవాడు 19 ఏళ్ల కార్నర్‌బ్యాక్‌లని (రిసీవర్లని కాపు కాసే డిఫెండర్లు) ఏడిపిస్తుంటే అందులో సగం వయసు గొప్పే. 2012లో క్లీవ్‌లాండ్ మొదటి రౌండ్‌లో బ్రాండన్ వీడెన్‌ని తీసుకున్నప్పుడు అతనికి 28. ఇక నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది? ట్రాన్స్‌ఫర్‌లు పెరిగాక ఐదేళ్లు, ఆరేళ్లు కాలేజీలో ఉండేవాళ్లు మామూలైపోయారు. వాళ్లని చూసేటప్పుడు రెండు కాలేజీల వీడియోలూ చూడండి. కొత్త కోచ్, కొత్త ప్లేబుక్, కొత్త రిసీవర్లు వచ్చినా మారకుండా నిలిచింది ఏదో, అదే అతని సొంతం. నిజానికి ట్రాన్స్‌ఫర్‌లు మనలాంటివాళ్లకి వరం. నా ప్రశ్నకి సగం జవాబు ఎన్‌ఎఫ్‌ఎల్‌కి రాకముందే దొరుకుతోంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, వీళ్లు ఒక రచ్చ ముందే చూసేసి వస్తున్నారు.

గాయాల గురించి మనకి తెలిసేది పేపర్లో వచ్చినంతే. ఒకే మోకాలికి రెండుసార్లయితే రాసుకోండి, అంతకుమించి డాక్టర్ వేషం వేయకండి.

ఏడో పని: కంబైన్, ప్రో డే అనే పెళ్లిచూపులు

పెళ్లిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే. ప్రో డేలో డిఫెన్స్ ఉండదు, ఏ బంతి ఎవరికి వేయాలో ముందే రాసుకుని వారాల తరబడి సాధన చేసి వస్తారు. 2021 మార్చిలో బీవైయూ ప్రో డేలో జాక్ విల్సన్ ఎడమకి పరిగెడుతూ ఒళ్లు మెలితిప్పి కుడివైపు చాలా దూరం వేసిన ఒక్క బంతి ఇంటర్నెట్ అంతా తిరిగింది. జెట్స్ 2వ పిక్‌లో తీసుకున్నారు. మూడు సీజన్ల తర్వాత డెన్వర్‌కి ఇచ్చేశారు. 2007లో మొదటి పిక్ జమార్కస్ రస్సెల్ చెయ్యి చూసి కళ్లు తేలేయనివాళ్లు లేరు. మూడు సీజన్లకి రెయిడర్స్ వదిలేశారు.

కొలతలు వినండి, భయపడకండి. బరో అరచెయ్యి 9 అంగుళాలని తేలినప్పుడు పెద్ద గొడవ, రిటైర్మెంట్ ఆలోచిస్తున్నానని అతనే ట్విటర్‌లో జోక్ వేశాడు. టామ్ బ్రేడీ 40 గజాలకి 5.28 సెకన్లు తీసుకున్నాడు, 2000 డ్రాఫ్ట్‌లో 199వ పిక్. ఎత్తు మాత్రం కొంచెం పట్టించుకోండి. అయిదడుగుల పది అంగుళాల బ్రైస్ యంగ్ 2023లో మొదటి పిక్, తొలి సీజన్‌లో 62 సాక్‌లు. పొట్టివాళ్లు పనికిరారని కాదు, డ్రూ బ్రీస్ ఆరడుగులే. పొట్టివాడికి ముందు లైన్ మధ్యభాగం గట్టిగా ఉండాలి, లేకపోతే ఆ ఆరున్నర అడుగుల మనుషుల సందుల్లోంచి ఏమీ కనబడదు.

బుర్ర పరీక్షల కథ ఇంకా తమాషా. 12 నిమిషాల్లో 50 ప్రశ్నల వండర్లిక్‌ని 2022లో కంబైన్ నుంచి తీసేశారు. మరుసటి ఏడాది ఇంకో కంపెనీ పరీక్షలో సీజే స్ట్రౌడ్‌కి తక్కువ మార్కులొచ్చాయని బయటికి పొక్కింది. ఆ సీజన్‌లో అతను 4,108 గజాలు, 23 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చి ఉత్తమ రూకీ అయ్యాడు. థర్డ్ డౌన్ పేజీ మీ దగ్గర ఉండగా ఈ మార్కులు ఎందుకు? లామార్‌ని చూడండి. 2016లో హైస్‌మన్ గెలిచినవాడిని రిసీవర్‌గా ఆడి చూపించమని అడిగారు. పరుగు అందరికీ కనిపించింది. పాకెట్‌లో (లైన్‌మెన్ కాపాడే చోటు) నిలబడి మధ్య మైదానంలోకి వేసిన పాస్‌లు లూయిస్‌విల్ వీడియోల్లోనే ఉన్నాయి, చూసేవాళ్లే తక్కువయ్యారు. నేనూ చూడలేదు.

ఎనిమిదో పని: ఎవరింటికి వెళ్తున్నాడు

ఇది డ్రాఫ్ట్ రాత్రి చేసే పని. 2002లో హ్యూస్టన్ కొత్త టీమ్, మొదటి పిక్ డేవిడ్ కార్. తొలి సీజన్‌లో 76 సాక్‌లు, ఆ రికార్డు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. అంత తిన్నాక ఎవరి పాదాలు నిలకడగా ఉంటాయి? మహోమ్స్ మొదటి ఏడాది అలెక్స్ స్మిత్ వెనక కూర్చుని ఒక్క మ్యాచ్ స్టార్ట్ చేశాడు. ఆరన్ రాజర్స్ మూడేళ్లు బ్రెట్ ఫార్వ్ వెనక కూర్చున్నాడు. జెట్స్‌లో తేలిపోయిన డార్నాల్డ్ 2024లో మిన్నెసోటాకి వెళ్లి 14 మ్యాచ్‌లు గెలిపించాడు. మనిషి అతనే. అందుకని నా పేజీలో రెండు గ్రేడ్‌లుంటాయి: ఆటగాడికి ఒకటి, ఆటగాడు ప్లస్ టీమ్‌కి ఒకటి. మొదటిది డ్రాఫ్ట్‌కి ముందురోజు రాసేస్తాను, తర్వాత దిద్దను. రెండోది పేరు పిలిచిన పది నిమిషాలకి. కోచ్ కుర్చీ కదులుతోందా, లెఫ్ట్ టాకిల్ (లైన్ ఎడమ చివర కాపాడేవాడు) ఎవరు, కూర్చుని నేర్చుకోవడానికి ముందు ఒక పెద్ద క్యూబీ ఉన్నాడా, ఈ మూడూ చూస్తే చాలు.

రాశాక తేదీ వేసి, ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టేయండి. లేకపోతే మూడేళ్ల తర్వాత "నేను అప్పుడే చెప్పాను" అనే రోగం పట్టుకుంటుంది, మా నలుగురికీ ఉంది.

2018 నాటి నా కాగితం ఇంకా ఉంది, బిర్యానీ పార్సిల్ బిల్లు వెనక రాసింది. రోజెన్ పేరు కింద రెండే ముక్కలు: "త్రో అందం. ఫుట్‌వర్క్ అందం." థర్డ్ డౌన్‌ల గురించి ఒక్క గీత లేదు. సాక్‌ల గురించి అంతకంటే లేదు. దాని పక్కనే అలెన్ పేరు కొట్టేసి ఉంది, రెండు గీతలతో.